పొగ చూసి బండి కష్టం చెప్పిన మా మిస్త్రి

రోడ్డు మీద లారీ నల్లగా పొగ కక్కుతూ పోతుంటే మీరేం చేస్తారు? సిగ్గుపడకుండా చెప్పండి. ముక్కు మూసుకుంటారు. కొంగో కండువానో అడ్డం పెట్టుకుని పక్కకు జరుగుతారు. డ్రైవర్‌ను నాలుగు మాటలంటారు. అంతే కదా? ఆ బండికి ఏం కష్టం వచ్చిందో అని మీలో ఒక్కరైనా ఆగి అడిగారా?

అడిగే మనిషి ఒకాయన ఉండేవాడు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో, నా టార్పాలిన్ల కొట్టుకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఉండేవాడు. మొన్న మంగళవారం పొద్దున ఆయన వెళ్ళిపోయాడు. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండెలో ఏదో పట్టినట్టుందని మంచం మీద ఒరిగాడట. దవాఖానకు తీసుకుపోదామని ఇంట్లోవాళ్ళు ఆటో కోసం పరుగెత్తేలోపే అయిపోయింది. ఆ కబురు నాకు తెచ్చింది మార్కెట్‌లో మిర్చి బస్తాలు దించి వస్తున్న ఒక డ్రైవర్. కిటికీలోంచి తల బయటపెట్టి, "పాస్టర్ సాబ్, మన మిస్త్రి పోయిండే!" అని ముందు అరిచాడు, తర్వాత బ్రేకు వేశాడు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. చేతిలో దబ్బనం అలాగే ఉంది. నా మనసులోకి ముందుగా వచ్చింది ఆయన ఒకసారి అందరి ముందు నన్ను తిట్టిన తిట్టు. దాంతో నవ్వొచ్చింది. ఏడుపు ఆ వెనక, తీరిగ్గా, రాత్రి భోజనం దగ్గర వచ్చింది. ఆ మొదటి నవ్వు చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ఆయన్ని అందరూ లారీ ఎలక్ట్రీషియన్ అనేవాళ్ళు. డైనమో, సెల్ఫ్, బ్యాటరీ, వైరింగ్, అవన్నీ ఆయన పని. కానీ ఆ వరసలో ఉన్న మిగతా షెడ్లలాగా, "లైట్లు నావి, పొగ నాది కాదు, పంపు మెకానిక్ దగ్గరికి పో" అని ఏ బండినీ తిప్పి పంపింది లేదు. అదేమిటయ్యా అంటే, "ఒంట్ల రక్తం వేరు, ఊపిరి వేరు అయితదా?" అనేవాడు. పొగ చూసేవాడు, వాసన చూసేవాడు, సైలెన్సర్ గొట్టం ముందు అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. నల్ల పొగ అయితే గాలి తక్కువైనా అయి ఉండాలి, డీజిల్ ఎక్కువైనా అయి ఉండాలి. నీలం పొగ అయితే ఇంజన్ తన ఆయిల్ తానే తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. ఇదంతా నాకు ఆయన చెప్పిందే. నేను బడిలో చదివింది తక్కువ. బైబిలు వాక్యం కూడా వీధి దీపం కింద కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి.

డెబ్బైల చివర్లో నేను ఆ దారికి వచ్చాను. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి బతికాడు, నేను లారీలకు టార్పాలిన్లు కుట్టి బతుకుతున్నాను. అంతకు మించి ఆయనతో నాకు పోలిక లేదు. సాయంత్రం పని ముగిశాక కొట్టు ముందు స్టూలు వేసుకుని, బ్యాటరీతో నడిచే మైకు పట్టుకుని ప్రసంగం చేసేవాణ్ణి. మొదటి రోజే తీర్పు దినం గురించి ఎత్తుకున్నాను. గొంతు చించుకుంటున్నాను, మైకు మాత్రం ముక్కుతోంది. పక్క షెడ్డులోంచి ఒక మనిషి నోట్లో స్క్రూడ్రైవర్ కరుచుకుని వచ్చాడు. నన్ను చూడను కూడా చూడలేదు. బ్యాటరీ దగ్గర కూర్చుని, చిలుము పట్టిన కొసలను చాకుతో గీకి, వైర్లు బిగించాడు. నా గొంతు ఒక్కసారిగా పిడుగులా లేచింది.

"ఇగ తిట్టు," అన్నాడు ఆయన. "కాశిబుగ్గ దాక ఇనవడ్తది."

ఆ రోజు నుంచి నేను ఆయనకు పాస్టర్ సాబ్‌ని. నేను పాస్టర్‌ను కాదని, నాకు ఏ సంఘమూ పట్టా ఇవ్వలేదని చాలాసార్లు చెప్పాను.

"నాకు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నదా?" అన్నాడు. "మరి అందరు మిస్త్రి అంటలేరా? నువ్వు గూడ గట్లనే."

ఆయన పనిచేసే పద్ధతి ఒకటుంది. బండి వస్తే బానెట్ ఎత్తేవాడు కాదు. డ్రైవర్‌ను పాత టైరు మీద కూర్చోబెట్టి, చాయ తెప్పించి, ముందు మాట్లాడించేవాడు. ఎక్కుడులో పొగ వస్తుందా, దిగుడులోనా? పొద్దుగాలనా, బండి కాగినంకనా? లోడు మీదనా, ఖాళీగానా? చివరికి అసలు ప్రశ్న అడిగేవాడు: "దీనికి ముంగట ఎవ్వలు చెయ్యి పెట్టిండ్రు?" ఎందుకలా అడుగుతావంటే నవ్వేవాడు. "బండి ఊకెనే చెడిపోదు పాస్టర్ సాబ్. ఎవడో ఒకడు బాగు చేసి ఉంటడు!"

ఒకసారి నేను ఆయన చెప్పిన పొగలను ప్రసంగంలో పెట్టాను. నల్ల పొగ కోపం, నీలం పొగ అసూయ, తెల్ల పొగ కపటం అని ఊగిపోతున్నాను. జనం కదలకుండా వింటున్నారు. షెడ్డులో లారీ కింద నుంచి ఆయన గొంతు: "తెల్ల పొగకు రెండు కారణాలున్నయ్ పాస్టర్ సాబ్! చలికాలం పొద్దుగాల కాసేపు వచ్చేది పాపం కాదు! అది చెప్పు, లేకుంటె పాపం మంచి బండ్లు బదనామైతయ్!" జనం పడి పడి నవ్వారు. నేనూ స్టూలు దిగి నవ్వాను. ఆలోచిస్తే అందులో ఎంత కనికరం ఉంది! ప్రతి పొగా పాపం కాదు. కొందరికి ఒంట్లో వేడి పుట్టేదాకా కాస్త సమయం ఇవ్వాలి. ఆ తర్వాత నా ప్రసంగాల్లో తిట్లు తగ్గాయంటే, ఆ పుణ్యం లారీ కింద పడుకున్న ఆ మనిషిదే.

ఇక మరిపెడ లారీ సంగతి చెప్పాలి. ఆయన గురించి మీకు ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఎనభైల మొదట్లో, మిర్చి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, ఒక పొద్దున మరిపెడ నుంచి ఒకాయన లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. చాలా ఏళ్ళు పరాయి బండ్లు నడిపి, ఇల్లు పట్టకుండా తిరిగి, చివరికి ఒక పాత లారీ సొంతంగా కొనుక్కున్న మనిషి. ముఖం పీక్కుపోయి ఉంది.

"అన్నా, లైట్లు మసకగున్నయ్. జర సరిచెయ్యి. రేపు పొద్దుగాల అమ్ముతాన," అన్నాడు.

"అమ్ముడెందుకే?"

"కలిసొస్తలేదన్నా. ఖాళీగ ఉన్నప్పుడు సక్కగుంటది. లోడు ఏసి ఎక్కుడు ఎక్కిస్తే నల్ల పొగ, గుంజది. డీజిల్ కొట్టే నాజిళ్ళు మార్పిచ్చిన, పంపు విప్పిచ్చిన. తిరగని షెడ్డు లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి, ఈ పొగతోని బండికి ఫిట్‌నెస్ ఇయ్యనన్నడు. ఫిట్‌నెస్ లేకుంటె నడుపుడెట్ల? అమ్మి మళ్ళ సేటు బండి ఎక్కుత. నా నసీబ్."

సేటు బండి ఎక్కడమంటే ఏమిటో మా దారిలో అందరికీ తెలుసు. నెలల తరబడి ఇంటి గడప చూడడు. భార్య, బిడ్డ మరిపెడలో, ఆయన ఎక్కడో. మిస్త్రి ఆయన్ని టైరు మీద కూర్చోబెట్టాడు. చాయ చెప్పాడు.

"దీనికి ముంగట ఎవ్వలు చెయ్యి పెట్టిండ్రు?"

"లైట్లకా? ఎవ్వలు పెట్టలే. దసరాకు నేనే రంగేసిన."

మిస్త్రి కళ్ళు మెరిశాయి. ఒక లావు వైరు తెచ్చి, ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస ఇంజన్‌కు ఆనించాడు. హెడ్‌లైట్లు పట్టపగలే కళ్ళు చెదిరేలా వెలిగాయి. వైరు తీస్తే మళ్ళీ మసక. దసరాకు రంగేసినప్పుడు ఆ మనిషి తన లారీ మీది ప్రేమతో, చాసిస్‌కు బ్యాటరీ పట్టీ బిగించే బోల్టును కూడా విప్పి, దాని కింద మందంగా ఎర్ర రంగు పూసి, మళ్ళీ బిగించాడట. ఆ రంగే కరెంటుకు అడ్డం పడింది.

"పోయిన కరెంటు మళ్ళ ఇల్లు చేరాలె గదనే! దర్వాజకు రంగేసి మూసిపెడితివి. ఎటు నుంచి రావాలె?" అని గరుకు కాగితం ఆయన చేతికే ఇచ్చాడు. "రంగేసినోడివి నువ్వు, గీకేటోడివి గూడ నువ్వే." గీకించి, బిగింపించాక మా అందరి వైపు తిరిగి అన్నాడు: "ఈ బండికి రోగం లేదు. ముద్దు ఎక్కువైంది!"

లైట్లు అయ్యాయి. డబ్బులిచ్చి పోతానన్నాడు మరిపెడ ఆయన. మిస్త్రి పోనిస్తాడా? "పొగ చూడకుంట నా షెడ్డు దాటదు" అని బానెట్ ఎత్తాడు.

లోపల, ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి దగ్గర ఒక ముడుపు కట్టి ఉంది. పసుపు గుడ్డ, దుమ్ముకు నల్లబడింది. మిస్త్రి చేతులు జోడించి దండం పెట్టాడు. నాజిళ్ళు చూశాడు, పంపు చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. ముడుపును మాత్రం తాకకుండా, దాని చుట్టూతా పని చేశాడు. ఇంతకు ముందు చూసిన ప్రతి మెకానిక్ కూడా సరిగ్గా ఇదే చేశాడని తర్వాత తెలిసింది. ఎవరికి వారు భక్తిగా దండం పెట్టుకుని, ఎవరికి వారు పక్కనుంచి పని చేసుకుపోయారు.

చివరికి మిస్త్రి, "క్యాబిన్‌లెక్కి యాక్సిలరేటర్ తొక్కు, గట్టిగ రేజ్ ఇయ్యి," అన్నాడు. తాను ఇంజన్ మీదికి వంగి చూస్తున్నాడు. ఒక్కసారిగా, "ఆపు! మళ్ళ ఇయ్యి! ఆపు! మళ్ళ!" అని అరిచి, పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. "పాస్టర్ సాబ్, ఉరుకు, ఇటు రా!"

పోయి చూశాను. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముడుపు గుడ్డ కొసలు బుద్ధిగా వేలాడుతున్నాయి. గట్టిగా రేజ్ ఇవ్వగానే గాలి ఈడ్పుకు అవి లేచిపోయి, గొట్టం మూతికి తడి గుడ్డలా అతుక్కుంటున్నాయి. లోడు మీద ఎక్కుడు ఎక్కేటప్పుడు, బండికి ఊపిరి అన్నిటికన్నా ఎక్కువ కావలసిన వేళకే, దాని ముక్కు మూసుకుపోతోంది. గాలి అందక, డీజిల్ సరిగా మండక నల్ల పొగ. ఆగి ఉన్నప్పుడు చూస్తే ఎవరికి కనబడుతుంది?

నేను ఊరుకోలేదు. నా సంగతి మీకు తెలుసు. "తీసి పారెయ్యండి! ఒక గుడ్డ పీలిక కోసం బతుకు అమ్ముకుంటావా?" అని చెయ్యి చాచాను.

మరిపెడ ఆయన క్యాబిన్‌లోంచి దూకి వచ్చి ముడుపు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "బండి పోతే పోనీ. దీన్ని ముట్టద్దు. నా బిడ్డ పానం ఇది."

అప్పుడు పడింది నాకు తిట్టు. మిస్త్రి స్క్రూడ్రైవర్ నా ముక్కు ముందు ఆడించాడు. "నోర్మూస్కో పాస్టర్ సాబ్! మైకు నీదైతె షెడ్డు నాది. మనిషి నమ్మి కట్టుకున్నదాని మీద చెయ్యి ఏస్తవా? ఎవలు కట్టిండ్రో ఆళ్ళే విప్పాలె. ఆడ కూసో!"

కూర్చున్నాను. అంత మంది డ్రైవర్ల ముందు, పాత టైరు మీద.

మిస్త్రి అతని భుజం మీద చెయ్యి వేసి అడిగాడు. పోయిన ఏడు కూతురికి జ్వరం వచ్చిందట. ఈయన లోడుతో దూరాన ఉన్నాడు. దవాఖానలో తల్లి ఒక్కతే. వెంటనే రాలేక, లారీలోనే ముడుపు కట్టాడు. "బండి ఊపిరి తీసే కాడ కడితే నా బిడ్డ ఊపిరి నిలుస్తదనుకున్నన్నా."

మిస్త్రి మెల్లగా అడిగాడు. "ఇప్పుడు బిడ్డ ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"మరి మొక్కు చెల్లియ్యవైతివి?"

"విప్పితే మళ్ళ జెరమొస్తదేమో అని బుగులన్నా."

మిస్త్రి వాదించలేదు. మరిపెడ మీదుగా పోయే ఒక లారీని ఆపి, ఆయన భార్యకు కబురు పంపాడు. పొద్దు వాలే వేళకు ఆమె బిడ్డను వెంటబెట్టుకుని బస్సు దిగి వచ్చింది. బిడ్డ వచ్చీ రావడంతోనే క్యాబిన్ ఎక్కి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. సంగతి విన్న తల్లి నడుముకు కొంగు బిగించింది.

"యాడాది సంది మొత్తుకుంటాన, మొక్కు చెల్లిద్దాం రా అని! ఇంటెనా? కిరాయిలు, కిరాయిలు! ఇగో చూడు నీ బిడ్డను. బడికి పోతాంది, గోడలు దుంకుతాంది, మాటకు మాట ఎదురు చెప్తాంది. ఇంకెంత బాగుగావాలె నీకు? దేవుడు ఎన్నడో ఇచ్చిండు. తీసుకున్నట్టు చెప్పనిది నువ్వే!"

హారన్ మోత ఆగడం లేదు. ఆ మోతలోనే మరిపెడ ఆయన నవ్వబోయి ఏడ్చాడు. మిస్త్రి సబ్బుతో చేతులు కడుక్కుని, కొత్త తువ్వాల తెచ్చి పట్టుకున్నాడు, ముడుపు నేల తాకకూడదని. "నీ బిడ్డ ఊపిరి తీస్తాంది. ఇగ బండిని గూడ తియ్యనీ తమ్మీ," అన్నాడు. ముడి నూనెకు, దుమ్ముకు రాయిలా గట్టిపడింది. ఆలుమగలు ఇద్దరూ చెరొక పక్క పట్టుకుని, గోళ్ళతో, చివరికి పళ్ళతో విప్పారు. ఆమె దాన్ని తువ్వాలతో సహా కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

బండి స్టార్ట్ చేశారు. గట్టిగా రేజ్ ఇచ్చారు. లోపల మిగిలిన మసి ఒక్కసారి భుస్సున పోయింది. తర్వాత ఏమీ లేదు. గొట్టం మీద గాలి సన్నగా అలలాడుతోంది, అంతే. బిడ్డ కిటికీలోంచి వంగి చూసి, "నాయినా, పొగేది?" అని అడిగింది. మిస్త్రి సైలెన్సర్ గొట్టం ముందు తన అరచెయ్యి పెట్టి, దాన్ని ఆ పిల్లకు చూపించాడు, శుభ్రంగా ఉన్న అరచెయ్యి.

మర్నాడు కొనేవాడు ఠంచనుగా వచ్చాడు. లారీ లేదు. ముగ్గురూ అందులోనే ఎక్కి మొక్కు చెల్లించడానికి పోయారు. కొనేవాడికి మిస్త్రి చాయ తాగించి పంపాడు.

ఆ ఆదివారం నేను లాజరు గురించి చెప్పాను. చనిపోయినవాడు ప్రభువు పిలవగానే సమాధిలోంచి లేచి బయటికి వచ్చాడు. బతికాడు, నిజమే. కానీ కాళ్ళకూ చేతులకూ గుడ్డలు చుట్టే ఉన్నాయి. ప్రాణం ఇచ్చింది ప్రభువు. కట్లు విప్పే పని మాత్రం చుట్టూ నిలబడినవాళ్ళకు అప్పగించాడు! నేను ఈ ముక్క ఎన్నిసార్లు చదివానో. ఆ గుడ్డలు నాకు కనిపించింది మాత్రం ఒక లారీ బానెట్ కింద. ప్రసంగం అయ్యాక మిస్త్రి వచ్చి అన్నాడు: "ఈ కథ బాగున్నది పాస్టర్ సాబ్. ఆ కట్లు విప్పినోళ్ళు ఎలక్ట్రీషియన్లే అయ్యుంటరు. వైరింగ్ తెలవకుంట గంత సక్కగ విప్పుడు కాదు."

మనిషి పోయాక కూడా ఇంకో ముచ్చట జరిగింది. అది చెప్పి ముగిస్తాను.

బుధవారం పొద్దున ఆయన్ని తీసుకుపోవడానికి మరిపెడ లారీనే వచ్చింది. ఇంకెవరి బండీ వద్దని మరిపెడ ఆయన పట్టుబట్టాడు. లారీని పూలతో కట్టి, ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా నిలబెట్టాడు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మిస్త్రి భార్య తల వంచుకుని కూర్చుని ఉంది. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం సద్ది తెచ్చి, ఆయన తిని గిన్నె ఇచ్చేదాకా ఆ షెడ్డులో కూర్చున్న మనిషి. ఉన్నట్టుండి తలెత్తింది. ఏడుపు ఆపి చెవి రిక్కించింది.

"ఎవల్దే ఆ బండి?"

అందరూ బిత్తరపోయారు. మరిపెడ ఆయన ముందుకు వచ్చాడు. "నాదే వదినె."

"ఒక నాజిల్ సరిగ కొడ్తలేదు. ఇనవడ్తలేదా?"

ఆయన తల దించుకున్నాడు. "నాలుగు రోజుల సంది గట్లనే ఉన్నది వదినె. దినాలైనంక చూపిస్త."

"దినాల దాకెందుకు?" అంది ఆమె, కన్నీళ్ళు కారుతూనే. "ఆయనుంటె ఆగనిచ్చేటోడా? ఇయ్యాలనే చూపియ్యి."

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంత నవ్వు మధ్య మిస్త్రిని లేపి బండి ఎక్కించాం.

అన్నీ అయ్యాక నేను కొట్టుకు తిరిగి వస్తుంటే, షెడ్ల వరసలో మరిపెడ లారీ బానెట్ ఎత్తి ఉంది. ఇంకా పూలు తీయలేదు. మరిపెడ ఆయన స్నానం చేసిన తడి బట్టలతోనే ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు, పక్క షెడ్డు మెకానిక్ పానా తిప్పుతున్నాడు. క్యాబిన్‌లో ఇప్పుడు లంగావోణీ వేసుకునే వయసుకు వచ్చిన కూతురు కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, తండ్రి సైగ కోసం చూస్తోంది.

చదువుతున్న అన్నా, అక్కా, మీకే చెబుతున్నాను. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఎవరి చప్పుడో తేడాగా ఉంది. మీకు తెలుసు. కొన్నాళ్ళుగా వింటూనే ఉన్నారు. పండగ పోనీ, పంట రానీ, వచ్చే ఆదివారం చూద్దాం అనకండి. ఈ కాగితం ఇక్కడ పెట్టండి. లేవండి. చెప్పులేసుకోండి. పోయి ఆ గడప ముందు నిలబడి తలుపు తట్టండి. ఇవాళే!